డి-కంపెనీ, బొంబాయి ముఠాలు

బొంబాయి రేవును ఆసరా చేసుకుని పుట్టి, 1980ల్లో దుబాయ్ దాకా, ఆ తర్వాత కరాచీ, బ్యాంకాక్ దాకా పాకిన నేర ముఠాలన్నిటికీ కలిపి వాడుకలో ఉన్న పేరు బొంబాయి అండర్‌వరల్డ్. వాటిలో అన్నిటికన్నా పెద్దది దావూద్ ఇబ్రహీం కస్కర్ ముఠా, డి-కంపెనీ. 'కంపెనీ' అన్న మాట ఊరికే అతుక్కోలేదు. ఈ ముఠాల పని చాలామటుకు వ్యాపారమే. సరుకు తేవడం, దాచడం, అమ్మడం, బాకీ వసూలు చేయడం, వాటా పంచడం. కోర్టుకెక్కలేని వ్యాపారం కాబట్టి తగాదా తీర్చుకోవడానికి తుపాకీ వాడేవారు.

ఈ చరిత్రను భాయ్‌ల వీరగాథగా చెప్పుకోవడం సినిమాల పుణ్యమా అని అలవాటైంది. నిజానికి ఏ దశలో ఏ ముఠా బలిసిందో తెలియాలంటే ఆ రోజుల్లో సర్కారు ఏ వస్తువు మీద ఆంక్ష పెట్టిందో చూస్తే చాలు. సారా, బంగారం, విదేశీ మారకం, అద్దె ఇళ్లు, మిల్లు భూములు, సినిమా పెట్టుబడి... సర్కారు కట్టిన ధర ఒకటి, బజారు ఇస్తానన్న ధర ఇంకొకటి అయిన ప్రతిచోటా ఆ రెండింటి నడుమ సందులో ఒక ముఠా కాపురం పెట్టింది.

రేవు, దాని పక్క వీధులు

బొంబాయి తూర్పు అంచున ప్రిన్సెస్ డాక్ 1880లో, విక్టోరియా డాక్ 1888లో, అలెగ్జాండ్రా డాక్ 1914లో తయారయ్యాయి. వాటిని ఆనుకునే డోంగ్రీ, మసీదు బందర్, భెండీ బజార్, ఉమర్‌ఖాడీ పేటలున్నాయి. ఓడ దిగిన సరుకు బజారుకు చేరాలంటే ఈ సందుల మీదుగానే పోవాలి. కొంకణ తీరం నుంచి వచ్చిన ముస్లింలు, గుజరాత్ మేమన్లు, తమిళనాడు దక్షిణ కొస నుంచి వచ్చిన కూలీలు, అఫ్గాన్ కొండల నుంచి వచ్చిన పఠాన్లు ఒకరి భుజం ఒకరికి తగిలేలా ఇక్కడ బతికారు.

తెలుగువాళ్ల జాడ కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయి మేడలూ రోడ్లూ కట్టడానికి నిజాం రాజ్యపు తెలంగాణ నుంచి వలస వెళ్లిన మేస్త్రీలు, మట్టి పని కూలీలు కామాటీలు. వాళ్లు గుడిసెలు వేసుకున్న పల్లపు నేలకు కామాటిపురా అని పేరొచ్చింది. ఆ పేట తర్వాత వేశ్యావాటికగా పేరుమోసింది గానీ, పేరులో మాత్రం తెలుగు చెమటే మిగిలింది.

రేవులో చిల్లర దొంగతనం ఎప్పుడూ ఉన్నదే. పెట్టెకు చిల్లు పెట్టి నాలుగు గడియారాలు లాగడం, కూలీ తలపాగాలో ఓ ట్రాన్సిస్టర్ దాచి గేటు దాటించడం. ఇవి జేబు నింపుతాయి తప్ప ముఠాను నిలబెట్టవు. ముఠాకు దినదినమూ తెగని రాబడి కావాలి. దాన్ని సమకూర్చింది మద్యనిషేధం.

సారా, మట్కా

బొంబాయి మద్యనిషేధ చట్టం 1949లో వచ్చింది. 1950 నుంచి రాష్ట్రమంతా పూర్తి నిషేధం. దీని వెనక పట్టుదల మొరార్జీ దేశాయ్‌ది. మన దగ్గర 1995 నుంచి 1997 దాకా నడిచిన నిషేధాన్ని చూసినవాళ్లకు ఆ తర్వాతి కథ చెప్పనక్కర్లేదు. తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు, అమ్మేవాళ్లే మారారు. బాంద్రా, మాహిం వైపు గోవా క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లు ఇంటి ముందు గదిలోనే రహస్యంగా బల్లలు వేసి పోసేవారు. వాటిని 'ఆంటీ' అడ్డాలనేవారు. పేదవాడి నాటుసారా మాత్రం ధారావి, ఆంటాప్ హిల్ బురద నేలల్లో కాగేది. రబ్బరు ట్యూబుల్లో నింపి ఊళ్లోకి చేరవేసేవారు. పోలీసుకు వారం వారం ముట్టజెప్పే మామూలును అక్కడ హఫ్తా అంటారు. వారం అన్న అర్థమున్న ఈ ఫార్సీ మాటకు లంచం అన్న అర్థం అంటుకుంది. 1960ల్లో పర్మిట్ల పేరుతో నిషేధం సడలినా, హఫ్తా పద్ధతి మాత్రం తిరిగి వెళ్లలేదు.

రెండో రాబడి మట్కా. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీ నుంచి తంతి ద్వారా వచ్చే ఓపెనింగ్, క్లోజింగ్ ధరల మీద పందేలు కాసే ఆట మొదట ఉండేది. 1960ల మొదట్లో ఆ అంకెలు ఆగిపోయాక, కుండలోంచి చీటీలు తీసి అంకె తేల్చే పద్ధతి వచ్చింది. కుండను అక్కడి భాషలో మట్కా అంటారు. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ నడిపిన మట్కాలు ఊరూరా పాకాయి. పేకముక్కలతో అంకె తీసినా పేరు మట్కాగానే ఉండిపోయింది. పత్తితో సంబంధం తెగి అరవై ఏళ్లు దాటినా కడప, ప్రొద్దుటూరు, అనంతపురాల్లో ఇవాళ్టికీ 'ఓపెన్', 'క్లోజ్' అనే పందెం కడతారు. 'మట్కా బీటర్ల అరెస్టు' అన్న వార్త రాయలసీమ జిల్లా పేజీలో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. బొంబాయి ముఠాల సరుకుల్లో మన పల్లెల దాకా వచ్చిన మొదటిది బహుశా ఇదే.

పసుపు బిస్కెట్లు

అసలు సంపద బంగారం. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే విదేశీ మారకపు చట్టం కింద బంగారం దిగుమతిని కట్టడి చేశారు. చైనాతో యుద్ధం ముగిసీ ముగియగానే, 1963 జనవరిలో, ఆర్థిక మంత్రిగా ఉన్న మొరార్జీ దేశాయ్ బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చారు. కొత్తగా చేసే నగ 14 కేరెట్లు దాటకూడదన్నారు. తాళిబొట్టును 14 కేరెట్లతో చేయించుకునే ఇల్లు ఈ దేశంలో ఎక్కడుంది? కంసాలులు వేల సంఖ్యలో పని పోగొట్టుకున్నారు, ఆత్మహత్యలు జరిగాయి. 14 కేరెట్ల పట్టు సడలినా, 1968లో నియంత్రణ చట్టం గట్టిగానే వచ్చింది.

వానలు ఎగ్గొట్టినా, ధరలు పెరిగినా మన ఇళ్లల్లో బంగారం కొనడం ఆగదు. దేశంలో తవ్వేది పిడికెడు. బయటినుంచి తేవడం నేరం. దేశంలోని ధరకూ దుబాయ్ ధరకూ మధ్య తేడా ఎంతుంటే లాభం అంత. దుబాయ్‌లో బంగారం కొనడం నేరం కాదు, ఎగుమతి చేయడమూ నేరం కాదు. అక్కడి షేకుల లెక్కలో అది చక్కని వ్యాపారం. అప్పట్లో గల్ఫ్‌లో మన రూపాయే చెల్లేది. బంగారానికి బదులుగా రూపాయి నోట్లు కట్టలు కట్టలుగా అటు పోయి, మళ్లీ రిజర్వు బ్యాంకు ముందుకు వచ్చి డాలర్లు అడిగేవి. ఆ ధార ఆపడానికి 1959లో గల్ఫ్ కోసమే వేరే రంగు రూపాయి నోట్లు అచ్చేయవలసి వచ్చింది. ఒక దేశపు కేంద్ర బ్యాంకు స్మగ్లర్ల దెబ్బకు కొత్త నోటు తీయడం చిన్న సంగతేమీ కాదు.

సరుకు పది తులాల బిస్కెట్ల రూపంలో వచ్చేది. ఒక్కొక్కటి 116.64 గ్రాములు. కాన్వాసు జాకెట్‌లో వరసగా జేబులు కుట్టి బిస్కెట్లు పేర్చేవారు. ఒక్క జాకెట్టు వేసుకున్న మనిషి పది పన్నెండు కిలోల బరువుతో మామూలుగా నడిచినట్టు నటించాలి. చెక్క పడవలు దుబాయ్ నుంచి బయల్దేరి బొంబాయికి దూరంగా నడి సముద్రంలో ఆగేవి. అక్కడ కోలీ జాలరుల చేపల పడవల్లోకి సరుకు మారేది. రాయ్‌గడ్, రత్నగిరి జిల్లాల చిన్న కయ్యల్లోనో, ఉత్తరాన దమణ్ దగ్గరో దిగేది. ఈ దింపుడునే స్మగ్లర్లు 'ల్యాండింగ్' అనేవారు. ఒక్కో ల్యాండింగ్‌కు పడవ వాడు, దింపే కూలీ, లారీ డ్రైవరు, దారిలో తనిఖీ చౌకీ, కస్టమ్స్ వాడు... ఎవరి రేటు వారికి ముందే ఖాయం. తిరుగు పడవలో వెండి వెళ్లేది.

రూపాయల సంగతి హవాలా చూసుకునేది. గల్ఫ్‌లో చెమటోడ్చే మనిషి బ్యాంకులో కడితే సర్కారు రేటే దక్కుతుంది, హవాలా వాడు ఇంకాస్త ఎక్కువ ఇస్తాడు, పైగా డబ్బు ఇంటి గుమ్మంలోకి వస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లిన లక్షలాది మంది ఇదే లెక్క వేసుకున్నారు. వాళ్లు అక్కడ అప్పజెప్పిన దిర్హాములతో దుబాయ్‌లో బంగారం కొంటారు. ఆ బంగారం బొంబాయిలో అమ్ముడై రూపాయలు అవుతుంది. ఆ రూపాయలు పల్లెలో తల్లి చేతికి అందుతాయి. మధ్యలో ఒక్క నోటూ సరిహద్దు దాటదు. ఈ గొలుసులో ఒక కొస భాయ్ చేతిలో ఉంటే ఇంకో కొస నిజాయతీగా కష్టపడే కూలీ చేతిలో ఉంది. స్మగ్లింగ్‌ను జనం దొంగతనంతో సమానంగా ఎందుకు చూడలేదో ఇక్కడ తెలుస్తుంది. మన వాళ్లు మద్రాసు బర్మా బజార్‌లో 'ఫారిన్ సరుకు' కొనుక్కుని పక్కింటివాళ్లకు చూపించుకున్నారే తప్ప సిగ్గుపడలేదు.

ముగ్గురు పెద్దలు

1960, 70ల్లో మూడు పేర్లు వినిపించేవి. మస్తాన్ మీర్జా అలియాస్ హాజీ మస్తాన్ రామనాథపురం దగ్గరి పనైకుళంలో 1926లో పుట్టాడు. చిన్నతనంలో తండ్రితో బొంబాయి వచ్చి సైకిల్ రిపేరు కొట్టులో, తర్వాత రేవులో కూలీగా చేశాడు. తెల్ల బట్టలు, తెల్ల బెంజి కారు, పెదవిన ఖరీదైన సిగరెట్టు. తన చేత్తో ఒక్క తూటా కాల్చలేదని చెప్పుకుంటారు. కండబలం అవసరమైతే అద్దెకు తెచ్చుకునేవాడు. 1975 నాటి 'దీవార్' సినిమాలో అమితాబ్ పాత్రకు ఇతని రేవు జీవితమే ఆధారమన్న మాట బాగా వ్యాపించింది.

ఆ కండబలం కరీం లాలాది. అఫ్గానిస్తాన్ కునార్ ప్రాంతపు పఠాన్. జూదపు ఇళ్లు, వడ్డీ వ్యాపారం, అద్దెవాళ్లను ఖాళీ చేయించడం అతని ముఠా పనులు. ఈ మూడో పనికి మూలం 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం. అద్దెలు అక్కడే గడ్డకట్టుకుపోతే ఇల్లుగలవాడికి కిరాయిదారు పోతేనే లాభం. కోర్టుకు వెళితే ఇరవై ఏళ్లు, పఠాన్‌ను పంపితే ఒక సాయంత్రం.

మూడోవాడు వరదరాజన్ ముదలియార్. అతనూ తమిళుడే, విక్టోరియా టెర్మినస్‌లో మూటలు మోసి మొదలైనవాడు. ధారావి, ఆంటాప్ హిల్ సారా అతనిది. మాతుంగాలో అతను పెట్టే వినాయక పందిరికి నగరమంతా కదిలేది. పోలీసు అధికారి వై.సి. పవార్ 1980ల మధ్యలో అతని సారా బట్టీల మీద వరసగా పడి ఊరు వదిలేలా చేశారు. 1988 జనవరిలో మద్రాసులో చనిపోతే శవాన్ని బొంబాయికి తెప్పించింది హాజీ మస్తాన్. అంతకు కొద్ది నెలల ముందే మణిరత్నం 'నాయకన్' వచ్చింది. తెలుగులో అది 'నాయకుడు'.

విచిత్రమేమంటే ఈ ముగ్గురూ ఒకరి సరుకులో ఒకరు వేలు పెట్టలేదు. బంగారం ఒకరిది, అప్పులూ ఇళ్లూ ఒకరివి, సారా ఒకరిది. ఆ పద్ధతి చెదరడానికి సర్కారు కూడా ఒక కారణం. 1974లో స్మగ్లర్లను విచారణ లేకుండా నిర్బంధించే కోఫెపోసా చట్టం వచ్చింది. మరుసటి ఏడు ఎమర్జెన్సీ. మస్తాన్, దమణ్‌కు చెందిన సుకుర్ నారాయణ్ బఖియా వంటివాళ్లు జైల్లో పడ్డారు. 1976లో స్మగ్లర్ల ఆస్తుల జప్తు చట్టం, సఫేమా, తోడైంది. బయటికొచ్చాక మస్తాన్ వ్యాపారం తగ్గించుకుని రాజకీయ పార్టీ పెట్టాడు, ఓట్లు రాలలేదు. 1994లో మామూలుగా మంచం మీద పోయాడు. పెద్దలు తప్పుకున్న ఖాళీలోకి వచ్చిన కుర్రాళ్లకు వాటాల మర్యాద తెలియదు.

హెడ్ కానిస్టేబుల్ కొడుకు

దావూద్ ఇబ్రహీం 1955లో పుట్టాడు. కొంకణ ముస్లిం కుటుంబం. సొంతూరు రత్నగిరి జిల్లా ఖేడ్ తాలూకాలోని ముంబకే. తండ్రి ఇబ్రహీం కస్కర్ బొంబాయి పోలీసుల్లో హెడ్ కానిస్టేబుల్. డోంగ్రీ, టేంకర్ మొహల్లాల్లో పెరిగిన కొడుకు, అన్న సాబిర్‌తో కలిసి 1970ల చివరికే స్మగ్లింగ్‌లో సొంత ముఠా నిలబెట్టుకున్నాడు. పఠాన్లకు అది గిట్టలేదు.

1981 ఫిబ్రవరి 12న ప్రభాదేవి పెట్రోలు బంకులో సాబిర్‌ను కాల్చి చంపారు. చంపినవాళ్లలో పఠాన్ ముఠాకు చెందిన అమీర్‌జాదా, ఆలంజేబ్‌లతో పాటు మన్యా సుర్వే ఉన్నాడు. బీఏ చదివిన మరాఠీ కుర్రాడతను. 1982 జనవరి 11న వడాలాలో పోలీసులు అతన్ని కాల్చిపడేశారు. నగరంలో జరిగిన మొదటి 'ఎన్‌కౌంటర్' అదేనంటారు. 1983లో అమీర్‌జాదాను విచారణకు తెచ్చిన కోర్టులోనే చంపారు. ఆ పని చేయించాడని పేరుపడ్డ మలయాళీ రాజన్ నాయర్, అంటే బడా రాజన్, ఆ నెల్లోనే మరో కోర్టు బయట, నౌకాదళ అధికారి వేషంలో వచ్చిన మనిషి చేతిలో పోయాడు. 1984 అక్టోబరులో కరీం లాలా సోదరుడి కొడుకు సమద్ ఖాన్ హత్యతో పఠాన్ల నడుం విరిగింది. ఇక్కడ గమనించవలసింది హంతకుల కులమతాలు. కొంకణ ముస్లిం పగ తీర్చడానికి మలయాళీ హిందువు, పఠాన్‌కు తోడుగా మరాఠీ పట్టభద్రుడు. 1992 దాకా ఈ ముఠాలకు మతం పట్టలేదు.

పోలీసులు వెంటపడటంతో దావూద్ 1980ల మధ్యలో దుబాయ్ చేరాడు. భారత్‌కూ యూఏఈకీ నేరస్థుల అప్పగింత ఒప్పందం 1999 దాకా కుదరలేదు. అంటే అక్కడ అతను ఫోను పట్టుకుని కూర్చుంటే చాలు. షార్జా క్రికెట్ మ్యాచ్‌ల్లో నల్ల కళ్లద్దాలతో కూర్చున్న అతని ఫొటోలు ఇక్కడి పత్రికల్లో వచ్చేవి. బొంబాయి వ్యవహారాలు తిలక్ నగర్‌లో సినిమా టికెట్లు బ్లాక్‌లో అమ్మి మొదలైన రాజేంద్ర నికాల్జే, అంటే ఛోటా రాజన్ చూసేవాడు. డోంగ్రీ కుర్రాడు ఛోటా షకీల్ ఎదిగింది కూడా అప్పుడే. కంపెనీ అన్న మాటకు పూర్తి అర్థం వచ్చింది ఈ దశలోనే. యజమాని ఒక దేశంలో, సరుకు ఇంకో దేశంలో, కూలీ మూడో చోట.

మిల్లులు మూతపడ్డాక

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు 2.5 లక్షల మంది పని మానేశారు. ఆ సమ్మెను విరమించినట్టు ఇవాళ్టికీ ఎవరూ ప్రకటించలేదు. లాల్‌బాగ్, పరేల్, బైకుల్లా చాళ్లలో (కూలీల వరస గదుల ఇళ్లలో) మరాఠీ కుటుంబాలతో పాటు తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలూ రోడ్డున పడ్డారు. మగ్గం వదిలి మిల్లుకు వెళ్లినవాళ్లకు మళ్లీ మగ్గం దిక్కు కాలేదు. మట్కా వ్యాపారానికీ దెబ్బ తగిలింది, పందెం కాసేవాళ్లలో మిల్లు కూలీలే ఎక్కువ కాబట్టి. ఖాళీ చేతుల కుర్రాళ్లు మాత్రం ముఠాలకు కావలసినంతమంది దొరికారు.

ఆ చాళ్లలోంచి వచ్చినవాడు అరుణ్ గావ్లీ. బాబూ రేషిం, రమా నాయక్‌లతో కలిసి బైకుల్లాలో ముఠా కట్టాడు. వాళ్లిద్దరూ 1987, 88ల్లో పోయాక అతనొక్కడే దగ్డీ చాళ్ నుంచి నడిపాడు. మొదట డి-కంపెనీకి మిత్రులు, తర్వాత బద్ధశత్రువులు. 1992 జులైలో దావూద్ బావ ఇస్మాయిల్ పార్కర్‌ను గావ్లీ మనుషులు చంపారు. సెప్టెంబరు 12న డి-కంపెనీ మనుషులు జేజే ఆసుపత్రిలోకి చొరబడి, అక్కడ చికిత్సలో ఉన్న శైలేష్ హల్దన్కర్‌ను మంచం మీదే కాల్చేశారు. కాపలా ఉన్న ఇద్దరు పోలీసులూ చనిపోయారు.

మిల్లులు నడవకపోయినా వాటి కింద నేల ఉంది. నడిబొడ్డున సుమారు 600 ఎకరాలు. 1991లో అభివృద్ధి నిబంధనలు మార్చి, షరతులతో ఆ నేలను అమ్ముకోనిచ్చారు. 1994 మేలో మిల్లు యజమాని సునీత్ ఖటావ్‌ను మహాలక్ష్మి దగ్గర కారులోనే కాల్చి చంపారు. 1997 జనవరిలో దత్తా సామంత్‌నూ చంపారు. గావ్లీ 2004లో చించ్‌పోక్లీ నుంచి శాసనసభకు గెలిచాడు. 2007లో జరిగిన శివసేన కార్పొరేటర్ కమలాకర్ జామ్‌సండేకర్ హత్య కేసులో 2012లో యావజ్జీవ శిక్ష పడింది.

అదే దారి, వేరే సరుకు

1990లో బంగారం నియంత్రణ చట్టాన్ని రద్దు చేశారు. 1992 బడ్జెట్‌తో ప్రవాస భారతీయులు సుంకం కట్టి 5 కిలోల బంగారం దాకా బాహాటంగా తెచ్చుకోవచ్చన్నారు. రూపాయి మారకం రేటు బజారుకు దగ్గరైంది. మూడు దశాబ్దాల పాటు కస్టమ్స్ వాళ్లు, పోలీసులు, నిర్బంధ చట్టాలు చేయలేని పనిని రెండు బడ్జెట్ పేజీలు చేశాయని ఈ రచయిత అభిప్రాయం. బంగారం స్మగ్లింగ్‌లో మునుపటి లాభం పోయింది. పడవలు, ల్యాండింగ్ కూలీలు, హఫ్తాకు అలవాటుపడ్డ చౌకీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత. ఆ డిసెంబరు, జనవరి నెలల అల్లర్లలో బొంబాయిలో సుమారు 900 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది ముస్లింలు. 1993 జనవరి, ఫిబ్రవరుల్లో రాయ్‌గడ్ తీరాన దిఘీ, శేఖాడీల్లో ల్యాండింగ్‌లు జరిగాయి. ఈసారి పెట్టెల్లో ఏకే-56లు, గ్రెనేడ్లు, ఆర్డీఎక్స్. నడిపించినవాడు మాహింకు చెందిన వెండి స్మగ్లర్ టైగర్ మేమన్. దావూద్ కుట్రదారుల్లో ఒకడని ప్రాసిక్యూషన్ అభియోగం. దిఘీ నుంచి వస్తున్న లారీలను దారిలో పోలీసులు ఆపారు. బేరం కుదిరింది. చేతిలో రొక్కం చాలకపోతే పూచీగా వెండి ఇటుకలు ఇచ్చి లారీలు కదిలించుకుపోయారు. ఏళ్ల తరబడి జరిగినట్టే జరిగింది.

1993 మార్చి 12, శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు స్టాక్ ఎక్స్ఛేంజీ నేలమాళిగలో మొదటి పేలుడు. రెండు గంటల వ్యవధిలో ఎయిరిండియా భవనం, జవేరీ బజార్, సెంచురీ బజార్, ప్లాజా సినిమా, సీ రాక్ హోటల్... వరసగా 12 చోట్ల. 257 మంది చనిపోయారు, 700 మందికి పైగా గాయపడ్డారు. వర్లీలో వదిలేసిపోయిన ఒక మారుతీ వ్యాను పోలీసులను మాహింలోని మేమన్ల ఇంటికి తీసుకెళ్లింది. ప్రధాన నిందితులు అప్పటికే దేశం దాటారు. ఉగ్రవాద నిరోధక టాడా చట్టం కింద ఏర్పడ్డ ప్రత్యేక కోర్టు 2006-07ల్లో 100 మందిని దోషులుగా తేల్చింది. వారిలో కస్టమ్స్ అధికారులు, పోలీసులు ఉన్నారు. సుప్రీంకోర్టు తీర్పు 2013 మార్చి 21న వచ్చింది. టైగర్ తమ్ముడు యాకూబ్ మేమన్‌ను 2015 జులై 30న నాగపూర్‌లో ఉరితీశారు. ఆయుధ చట్టం కింద శిక్షపడిన నటుడు సంజయ్ దత్ ఎరవాడ జైలు నుంచి 2016లో విడుదలయ్యాడు.

ముఠాలూ చీలాయి. ఛోటా రాజన్ దావూద్‌ను విడిచి, తనను తాను 'దేశభక్త డాన్'గా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. చీలికలో వాటాల తగాదా ఎంత, దేశభక్తి ఎంత అన్నది వేరే సంగతి. 2000 సెప్టెంబరులో బ్యాంకాక్‌లో అతని మీద షకీల్ మనుషులు దాడి చేస్తే గాయాలతో బయటపడ్డాడు. 2015లో బాలిలో దొరికి, 2011 నాటి నేర వార్తల విలేకరి జె. డే హత్య కేసులో 2018లో యావజ్జీవ శిక్షకు గురయ్యాడు. దావూద్ కరాచీలో ఉన్నాడని భారత్ అంటుంది, లేడని పాకిస్తాన్ అంటుంది. 2003లో అమెరికా అతన్ని అంతర్జాతీయ ఉగ్రవాదిగా ప్రకటించింది, ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాలోకీ ఆ ఏడే ఎక్కాడు.

పేటీలు, ఖోకాలు

బంగారం పోయాక అమ్మడానికి మిగిలింది భయం. 1990ల్లో బిల్డర్లకు, హోటల్ యజమానులకు, సినిమావాళ్లకు విదేశాల నుంచి ఫోన్లు వచ్చేవి. పేటీ అంటే లక్ష, ఖోకా అంటే కోటి. తగాదా తీర్చడం మాండ్‌వలీ, పోలీసులకు ఉప్పందించేవాడు ఖబ్రీ. డబ్బిచ్చి చంపించడం సుపారీ. మంగళకరమైన వక్కకు ఇంత అమంగళమైన అర్థం ఎలా పట్టిందో గానీ, తెలుగు పత్రికల్లో 'సుపారీ హత్య' అన్న మాటకు ఇప్పుడు వివరణ అవసరం లేదు.

సినిమాకు పరిశ్రమ హోదా 1998 దాకా లేదు. బ్యాంకులు అప్పివ్వవు, నెలవారీ వడ్డీకి ప్రైవేటు డబ్బు తేవాలి. ఆ డబ్బులో ముఠా డబ్బు కలిసింది. విదేశీ హక్కులు ఇమ్మని, ఫలానా హీరో డేట్లు ఇప్పించమని ఒత్తిళ్లు వచ్చేవి. 1997 ఆగస్టు 12న టి-సిరీస్ అధినేత గుల్షన్ కుమార్‌ను అంధేరీలో గుడి బయట కాల్చి చంపారు. 2000లో దర్శకుడు రాకేష్ రోషన్ మీద కాల్పులు జరిగాయి. ఆ దశలో బాగా వినిపించిన పేరు అబూ సలేం. 2005లో పోర్చుగల్ అతన్ని అప్పగించింది. 1993 పేలుళ్ల కేసులో 2017లో యావజ్జీవ శిక్ష పడింది.

పోలీసు తుపాకీ

1991 నవంబరు 16న లోఖండ్‌వాలా అపార్ట్‌మెంట్లలో ముఠా మనుషులు మాయా డోలస్, దిలీప్ బువా సహా ఏడుగురిని పోలీసులు పట్టపగలు గంటల తరబడి కాల్పులు జరిపి చంపారు. తర్వాతి దశాబ్దంలో 'ఎన్‌కౌంటర్ స్పెషలిస్టు' అన్న కొత్త హోదా పుట్టింది. వాళ్ల పేర్ల పక్కన క్రికెటర్లకు రాసినట్టు స్కోర్లు రాశారు. 1995 నుంచి 1997 వరకు జరిగిన 99 ఎన్‌కౌంటర్లలో సుమారు 135 మంది చనిపోయిన వైనం మీద వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014లో ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ స్పెషలిస్టుల్లో పేరుమోసిన ప్రదీప్ శర్మకు 2006 నాటి బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో బొంబాయి హైకోర్టు 2024 మార్చిలో యావజ్జీవ శిక్ష వేసింది.

తుపాకీ కన్నా పదునైనది 1999 నాటి మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం, మకోకా. సీనియర్ అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం కోర్టులో చెల్లుతుంది, ఫోన్లు వినొచ్చు, బెయిలు దాదాపు దొరకదు. చంపిన కుర్రాడితో పాటు ఫోను చేసినవాడినీ డబ్బు దాచినవాడినీ ఒకే కేసులో కట్టొచ్చు. ఈ అధికారాల దుర్వినియోగం మీద విమర్శలు తక్కువేమీ కాదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షను వ్యవస్థీకృత నేరాన్ని దేశమంతటికీ నిర్వచించింది. కాని 2024 అక్టోబరులో బాంద్రాలో మాజీ మంత్రి బాబా సిద్దిఖీని చంపినవాళ్లను పోలీసులు ముడిపెట్టింది సముద్రంతో సంబంధమే లేని ఉత్తరాది బిష్ణోయ్ ముఠాతో.

తెర మీద

బొంబాయి ముఠాలను హిందీ తెర మీద నేలకు దించింది ఒక తెలుగువాడు. 'శివ'తో విజయవాడ తరహా రౌడీయిజాన్ని చూపిన రాంగోపాల్ వర్మ 1998లో 'సత్య' తీశాడు. అందులో భాయ్‌కి పాలరాతి మేడ లేదు. చాళ్లలో కాపురం, పిల్లల చదువు గోల, పెళ్లాంతో పోట్లాట, వానలో తడిసే తుపాకీ. హీరో జె.డి. చక్రవర్తి కూడా తెలుగువాడే. 2002 నాటి 'కంపెనీ'లో దావూద్, రాజన్‌ల చీలికను పోలిన కథ ఉంది. పదేళ్ల తర్వాత పూరీ జగన్నాథ్ 'బిజినెస్‌మేన్' కథానాయకుడు ముంబైకి డాన్ అవుదామనే ఉద్దేశంతోనే రైలు దిగుతాడు. ఈ మధ్యలో ముఠా ఉద్యోగం కింద లెక్కకొచ్చిందన్నమాట.

వేలం

సఫేమా కింద జప్తు చేసిన దావూద్ కుటుంబపు ఆస్తులను ప్రభుత్వం వేలం వేస్తూ వచ్చింది. మొదట్లో పాడటానికి ఎవరూ రాలేదు. 2017 నవంబరులో భెండీ బజార్ ప్రాంతంలోని ఒక హోటలు, ఒక అతిథిగృహం, ఒక పాత భవనంలో గదులు కలిపి 11.58 కోట్ల రూపాయలకు పోయాయి. కొన్నది ఆ పేటను కూల్చి కొత్త భవనాలు కడుతున్న బోహ్రా ముస్లింల ట్రస్టు. సొంతూరు ముంబకేలోని పొలాల వంతు తర్వాత వచ్చింది. 2024 జనవరిలో అక్కడి ఒక చిన్న ముక్కకు అధికారులు కట్టిన కనీస ధర 15,440 రూపాయలు. పాట 2.01 కోట్ల దగ్గర ఆగింది.